కండెన్సింగ్ బాయిలర్ పెట్టినా గ్యాసు ఖర్చు తగ్గలేదా?

సమస్య: తెల్లవారకముందే స్నానం చేసి కొండకు బయల్దేరే యాత్రికుల కోసం తిరుపతిలోని లాడ్జికి కండెన్సింగ్ బాయిలర్ బిగించారు. ధర ఎక్కువే పెట్టారు. అయినా సిలిండర్లు మునుపటిలాగే ఖాళీ అవుతున్నాయి.

మెకానిక్‌కు ఫోను చేసే ముందు బాయిలర్ అడుగున ఉండే సన్నని డ్రెయిన్ పైపు చూడండి. బర్నరు చాలాసేపు మండాక కూడా దాని చివర చుక్క పడకపోతే జబ్బు దొరికినట్టే.

కారణం: ఎల్పీజీ కాలితే నీటి ఆవిరి పుడుతుంది. 19 కిలోల సిలిండరు పూర్తిగా కాలితే పొగలో చేరే నీరు దాదాపు 30 లీటర్లు! మామూలు బాయిలర్‌లో అదంతా ఆవిరిగానే పొగగొట్టంలోంచి పోతుంది. గ్యాసులోని వేడిలో సుమారు 8 శాతం దాని వెంటే పోతుంది. ఆ ఆవిరిని లోపలే నీరుగా మార్చి, వేడిని రాబట్టుకోవడమే కండెన్సింగ్ బాయిలర్ ప్రత్యేకత. డ్రెయిన్ పైపులోంచి చుక్కలుగా పడేది ఆ నీరే. (కరపత్రంలో సామర్థ్యం 100 శాతం దాటి కనిపిస్తే మోసమనుకోకండి. ఆవిరిలోని వేడిని గ్యాసు ఖాతాలో కలపకుండా వేసే లెక్క అది.)

అయితే ఆవిరి నీరు కావాలంటే లోపలికి వచ్చే నీరు సుమారు 50 డిగ్రీల లోపే ఉండాలి. ఎంత చల్లగా ఉంటే అంత లాభం. చాలాచోట్ల గదుల చుట్టూ తిరిగొచ్చిన వేడినీటిని నేరుగా బాయిలర్‌కే కలిపేస్తారు. అలా కలిపితే అంత ఖరీదైన యంత్రమూ మామూలు బాయిలరే.

పరిష్కారం: బాయిలర్‌కు నీటిని ట్యాంకు అడుగు నుంచి తీసుకోండి, చల్లని బోరు నీరు చేరేది అక్కడే. గదుల నుంచి తిరిగొచ్చే పైపును ట్యాంకు పైభాగానికి మార్పించండి. పంపు వేగం తగ్గిస్తే ట్యాంకులో వేడి, చల్లని నీళ్లు కలిసిపోవు. గ్యాసు ఆదా కోసం ట్యాంకు వేడిని మాత్రం 60 డిగ్రీల కంటే తగ్గించవద్దు. గోరువెచ్చని నీటిలో లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది, అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

మొదట్లో బాగా పనిచేసి, నెలలు గడిచేకొద్దీ పొగ వేడెక్కుతోందా? గొట్టాల్లో సున్నం పేరుకుని ఉంటుంది. డీస్కేలింగ్ చేయించి, బోరు నీటికి సాఫ్ట్‌నర్ (నీటి గట్టిదనం తగ్గించే పరికరం) పెట్టించండి.

డ్రెయిన్ పైపు తుప్పు పట్టి కారుతోందా? ఆ నీటికి ఆమ్లగుణం ఉంటుంది, ఇనుమును తినేస్తుంది. పీవీసీ పైపు వేయించి, ఆమ్లాన్ని విరిచేందుకు మధ్యలో సున్నపురాయి ముక్కలు నింపిన డబ్బా అమర్చండి. ముక్కలు కరిగేకొద్దీ మళ్లీ నింపుతుండాలి.