సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై ఆయాసం వచ్చే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ఉన్నవారు వ్యాయామానికి, కండరాల స్టిమ్యులేషన్‌కు ముందు చూసుకోవాల్సినవి

పేస్‌మేకర్ గానీ, ఛాతీలో అమర్చిన డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే పరికరం) గానీ ఉంటే, చర్మం మీద అంటించే ప్యాడ్ల ద్వారా చిన్న కరెంట్ పంపి కండరాలను బిగించే స్టిమ్యులేషన్ మిషన్ జోలికి వెళ్లొద్దు. కాలి సిరలో రక్తం గడ్డకట్టిందని అనుమానం ఉన్నా, గర్భంతో ఉన్నా, ఫిట్స్ వస్తున్నా ముందు డాక్టరును అడగాలి.

కఫం రంగు మారిందా? జ్వరమా? ఆయాసం రోజూ కంటే ఎక్కువా? అయితే ఈరోజు మానేసి డాక్టరుకు ఫోన్ చేయండి.

డాక్టరు చెప్పి ఉంటే, ఇన్‌హేలర్ 15 నిమిషాల ముందు పీల్చండి. ఆక్సిజన్ వాడేవారు దాన్ని పెట్టుకునే చేయాలి. వేలికి ఆక్సిమీటర్ (రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరికరం) ఉంచుకోండి. అందులో ఆక్సిజన్ 88 శాతం కంటే తగ్గితే ఆగి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా ఊపిరి వదలండి. గోళ్ల రంగు ఉంటే రీడింగ్ తప్పొచ్చు, తుడిచేయండి.

ప్యాడ్లు తొడ ముందు భాగంలోనే. ఛాతీ మీద, మెడ మీద వద్దు. చర్మం కడిగి పొడిగా తుడవాలి, క్రీమ్ రాయకూడదు. పుండు, దద్దురు ఉన్నచోట అంటించొద్దు. జిగురు ఆరిపోయిన ప్యాడ్ అంచు లేస్తే కరెంట్ ఒకేచోట చేరి సూదిలా గుచ్చుతుంది. అలాంటివి పారేయడమే నయం.

మిషన్ సున్నా దగ్గర మొదలుపెట్టి, కండరం బిగుసుకోవడం కంటికి కనిపించేదాకా నెమ్మదిగా పెంచాలి. ఎక్కువ పెడితే త్వరగా బలం వస్తుందన్న తొందర వద్దు, మర్నాడు తొడలు పట్టేస్తాయి. ఆపాకే ప్యాడ్లు తీయాలి.

నడక, సైక్లింగ్‌లో ఆయాసానికి మీరే సున్నా (అసలు లేదు) నుంచి పది (భరించలేనంత) దాకా మార్కు వేసుకుంటే, 3, 4 దాకా ఫర్వాలేదు. మాట పూర్తి చేయలేకపోతే వేగం తగ్గించండి. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపేసి సాయం పిలవండి.