కొట్లాట కేసులో శిక్ష పడితే అప్పీలుకు ఎలా వెళ్లాలి: ఒక గుమస్తా మాట

హైదరాబాద్ మదీనా దగ్గర, హైకోర్టు ఎదుట ఇరవై ఏళ్లుగా వకీలు గుమస్తాని. గుంపు కొట్లాట కేసులో కొడుక్కో తమ్ముడికో శిక్ష పడ్డాక ఇంటివాళ్లు మా ఆఫీసుకొస్తారు. సగం మంది చేతిలో తీర్పు ఉండదు, పేపర్ కటింగ్ ఉంటుంది. దానితో ఏం చేస్తాం?

జైలుశిక్ష పడ్డ మనిషికి కోర్టు తీర్పు కాపీ వెంటనే, ఉచితంగా ఇవ్వాలి. అది అతనితోపాటు చంచల్‌గూడకో చర్లపల్లికో జైలుకు వెళ్లి ఉంటుంది, ములాఖత్‌లో అడగండి. ఇంకో సర్టిఫైడ్ కాపీకి అర్జీ కూడా పెట్టండి. ఆ కాపీ మీద స్టాంపులో తేదీలుంటాయి: అర్జీ పెట్టింది, కాపీ సిద్ధమైంది, చేతికిచ్చింది. నేను ముందు చూసేది అవే. సెషన్స్ జడ్జి శిక్ష వేస్తే అప్పీలు హైకోర్టుకే, గడువు 60 రోజులు. మేజిస్ట్రేట్ వేస్తే సెషన్స్ కోర్టుకు, 30 రోజులు. కాపీ తయారీకి పట్టిన రోజులు గడువులోంచి తీసేస్తారు. అర్జీయే పెట్టకపోతే తీసేయడానికేముంది?

శిక్ష మూడేళ్లు మించకుండా, మనిషి అప్పటిదాకా బెయిలు మీదే ఉంటే, అప్పీలుకు వెళ్తామని చెప్పి తీర్పు రోజే ఆ జడ్జినే బెయిలు అడగొచ్చు. ఆ సాయంత్రం అందరూ ఏడుస్తూ ఉండి ఇది మర్చిపోతారు.

ఇక అసలు పని. ఓ అక్క టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, "మావాడు కొట్టలేదన్నా" అంది. పాత శిక్షాస్మృతి ఐపీసీలోని సెక్షన్ 149 ఉన్న కేసులో, కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో ఇప్పుడది 190, ఆ ఒక్క మాట చాలదు. అయిదుగురో అంతకు మించో చట్టం ఒప్పని ఒకే ఉద్దేశంతో గుమిగూడి, వాళ్లలో ఒకడు దానికోసం నేరం చేస్తే, చెయ్యి ఎత్తనివాడికీ శిక్ష పడుతుంది. అందుకే లెడ్జర్ కాగితం మీద గళ్లు గీశాను: సాక్షి పేరు, ఎవరిని చూశానన్నాడు, చేతిలో ఏముందన్నాడు, డాక్టరు రాసిన గాయంతో కలుస్తుందా, మొదటి వాంగ్మూలంలో ఈ మాట ఉందా. ఆ అక్క తమ్ముడు ఏ6, అంటే ఆరో నిందితుడు. ఎఫ్ఐఆర్‌లో "మరికొందరు" అనే ఉంది. ఒక్క సాక్షి, అదీ పది రోజుల తర్వాత, పేరు చెప్పాడు. గుంపు కేసుల్లో ఇద్దరు ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబితేనే శిక్ష ఖాయం చేయడం మంచిదని సుప్రీంకోర్టు 1964లో మసాల్టీ కేసులో అంది. కట్టుదిట్టమైన రూలేం కాదు, కానీ మా వకీలు సాబ్ అప్పీలు దాంతోనే మొదలుపెట్టారు.

ఖర్చు కలిసొస్తుందని కేసులో ఉన్న ఎనిమిది మందీ ఒకే వకీలును పెట్టుకుంటారు. నాకది నచ్చదు. ఏ1 తరఫున వాదించే నోటితోనే "ఏ1 పనికి ఏ6కి సంబంధం లేదు" అని ఎలా అంటారు?

అప్పీలు విచారణకు ఏళ్లు పట్టొచ్చు. కాబట్టి దాంతోపాటే శిక్ష నిలుపుదల (అప్పీలు తేలేదాకా శిక్ష ఆపమని), బెయిలు పిటిషన్ వేయాలి. పదేళ్లు, ఆపై శిక్షయితే బెయిలిచ్చే ముందు ప్రాసిక్యూటర్ అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పుకోడానికి అవకాశమిస్తారు, కొంచెం ఓపిక పట్టాలి. వకాలత్, అంటే వకీలును పెట్టుకున్నట్టు రాసే కాగితం మీద లోపలున్నాయన సంతకం జైలు అధికారి ఎదుటే పెట్టించాలి.

డబ్బు లేదా? జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు, లీగల్ సర్వీసెస్ కమిటీకి అర్జీ పెట్టండి. అప్పీలును జైలు సూపరింటెండెంట్ చేతికిచ్చినా కోర్టుకు పంపాలి.

వచ్చేటప్పుడు ఎఫ్ఐఆర్, చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు, గాయాల సర్టిఫికెట్లు, తీర్పు తెండి. పదిన్నర లోపే రండి, తర్వాత నేను ఫైలింగ్ సెక్షన్ లైన్లో ఉంటాను.