ఇంధనం నింపుకొనే సరకు ఓడను ఫొటో తీయడం ఎలా?

ఉత్తర అమెరికా మహా సరస్సులలో తిరిగే సరకు ఓడలను అక్కడివారు లేకర్లు అంటారు. వాటిలో పెద్దవి 1,000 అడుగుల పొడవుంటాయి. నదిలో సాగిపోయే లేకర్ కెమెరాకు కొద్ది నిమిషాలే చిక్కుతుంది. ఇంధనం కోసం రేవుకు కట్టిన లేకర్ మాత్రం కొన్ని గంటలపాటు కదలకుండా ఉంటుంది కాబట్టి, వెలుతురు మారే వరకు ఆగి తీసే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

కెనడాలోని విండ్సర్ నగరంలో, డెట్రాయిట్ నది మీది అంబాసిడర్ వంతెనకు ప్రవాహ దిశలో దిగువన ఉన్న స్టెర్లింగ్ ఫ్యూయల్స్ రేవు ఇందుకు అనువైనది. ఆ ఆవరణలోకి ప్రవేశించే ప్రయత్నం చేయకుండా, అవతలి ఒడ్డున అమెరికా నగరం డెట్రాయిట్‌లోని రివర్‌సైడ్ పార్కు నుంచి తీయడం మేలు. డెట్రాయిట్ శివార్లైన నోవై, ట్రాయ్ ప్రాంతాల తెలుగువారికి అది కారులో వెళ్లివచ్చేంత దూరమే. అయితే ఒడ్డున ఫోను కెనడా టవరును పట్టుకొని రోమింగ్ బిల్లు తెచ్చిపెట్టవచ్చు కాబట్టి ముందే రోమింగ్ ఆపివేయండి.

ఓడల స్థానం చూపే మెరైన్ ట్రాఫిక్ వంటి యాప్‌లో, ఆ రేవు వద్ద వేగం సున్నాగా కనిపించే ఓడ ఉందేమో చూసుకొని బయలుదేరండి. సుపీరియర్ సరస్సు నుంచి కిందికి ఓడలను దాటించే సూ లాకులు ఏటా జనవరి 15 నుంచి మార్చి 25 వరకు మూసి ఉంటాయి గనుక ఆ రోజుల్లో ఓడల రాకపోకలు బాగా తగ్గిపోతాయి.

పార్కు నుంచి చూస్తే అవతలి ఒడ్డు ఆగ్నేయ దిక్కున ఉంటుంది. ఉదయం ఎండ మన కళ్లలోకే కొట్టి ఓడ నల్లని గీతలా మిగులుతుంది. వేసవి సాయంత్రం సూర్యుడు మన వెనక్కి చేరినప్పుడు ఓడ పక్కభాగం మొత్తం వెలుగుతుంది. మధ్యాహ్నపు వేడికి నీటి మీద గాలి అలలాడి, ఓడ పేరులోని అక్షరాలు వంకర్లు పోతాయి. ఎంత ఖరీదైన లెన్సయినా దీన్ని సరిచేయలేదు, గాలి చల్లబడే వరకు ఆగవలసిందే.

నది అక్కడ అర కిలోమీటరుకు పైగా వెడల్పు ఉంటుంది కాబట్టి, మనుషులు కనిపించాలంటే 400 మిల్లీమీటర్ల లెన్సు అవసరం. ఓడ మొత్తాన్ని వివరంగా చూపాలంటే కెమెరాను నిలువుగా పట్టి, ఒక్కో ఫొటో పక్కదాని మీద మూడో వంతు పడేలా ఐదారు తీసి తరువాత అతకండి. ముదురు రంగు ఓడ అడుగుభాగాన్ని చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, దాంతో తెల్లని గదులు పాలిపోతాయి. ఎక్స్‌పోజరును (ఫొటోలో పడే వెలుతురును) మూడింట రెండు వంతుల స్టాపు, అంటే కెమెరాలో −2/3, తగ్గిస్తే సరిపోతుంది.

నా దృష్టిలో అన్నింటికంటే విలువైన ఫొటో ఓడ రేవుకు చేరే క్షణాలలోనే ఉంటుంది. తాళ్లు కట్టడానికి ఒక్కోసారి కళాసిని చిన్న పలక మీద కూర్చోబెట్టి, ఓడ పక్క నుంచి చాచిన దూలానికి వేలాడే తాడుతో గట్టు మీదికి దింపుతారు. ఉక్కు గోడ ముందు గాలిలో వేలాడే ఆ మనిషి పక్కన ఉంటేనే ఓడ ఎంత పెద్దదో ఫొటోలో తెలుస్తుంది. షట్టరు 1/500 సెకనుకు పెట్టుకొని ముందే సిద్ధంగా ఉండండి. తరువాత, చివర చీలిన ఎర్ర జెండా ఎగురుతోందేమో వెతకండి. ప్రమాదకరమైన సరుకును ఎక్కిస్తున్నామని, దించుతున్నామని లేదా మోస్తున్నామని తెలిపే అంతర్జాతీయ సంకేతం అది.

చీకటి పడ్డాక ట్రైపాడు మీద 8 సెకన్ల ఎక్స్‌పోజరు చాలు. కాకపోతే పక్కనుంచి మరో ఓడ వెళ్తే దాని అలలకు కట్టి ఉన్న ఓడ కూడా కొద్దిగా ఊగి దీపాలు చెదురుతాయి. నీరు కుదుటపడ్డాకే మళ్లీ షట్టరు నొక్కండి.