డేగను పట్టే సీజన్‌కు ముందు జాగ్రత్తలు

సెప్టెంబర్ దాటితే చల్లగాలి వెంట కుర్ర డేగలు ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతాయి. అమెరికాలో కొత్తగా అప్రెంటిస్ ఫాల్కనర్ లైసెన్స్ (డేగను మచ్చిక చేసి దానితో వేటాడటం నేర్చుకునేవాళ్లకిచ్చే అనుమతి) తీసుకున్న మన పిల్లలు, వాళ్ల కోసం కారు నడిపే అమ్మానాన్నలు, అందరికీ ఒకటే హడావుడి. పట్టడం ఒక్కోసారి పావుగంటలో అయిపోతుంది. పక్షికి దెబ్బ తగిలేది ఎక్కువగా ఆ తర్వాతి రెండు మూడు వారాల్లో, మన తొందర వల్ల.

ముందుగా చట్టం. ఇదంతా అమెరికా సంగతి. ఇండియాలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద డేగను పట్టినా, ఇంట్లో పెంచినా నేరమే. సెలవులకు ఊరెళ్లినప్పుడు చూపిద్దామన్న ఆలోచన కూడా వద్దు. అమెరికాలోనూ హవాయిలో అనుమతి లేదు. మిగతాచోట్ల అప్రెంటిస్‌కు కనీసం 12 ఏళ్లు నిండాలి, పరీక్షలో 80 శాతం రావాలి, స్పాన్సర్, అంటే పని నేర్పే అనుభవమున్న ఫాల్కనర్ ఉండాలి, పక్షిని ఉంచే గదీ సామానూ తనిఖీ కావాలి. పట్టిన 10 రోజుల్లోపు ఆ వివరం ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. ఇంకా కఠినంగా ఉండే రాష్ట్రాలూ ఉన్నాయి, మీ రాష్ట్రం రూల్స్ విడిగా చదవండి.

ఇక ఏ రకం డేగ అన్నది. పెరెగ్రిన్ మీద అందరికీ మనసే, కానీ అప్రెంటిస్‌కు ఇవ్వరు. కెస్ట్రెల్ చిన్నగా, ముద్దుగా ఉంటుంది కాబట్టి సులువనుకుంటారు. నా మాట వింటే మొదటి ఏడాది రెడ్‌టెయిల్‌నే (ఎర్రతోక డేగ) ఎంచుకోండి. కారణం కింద చెబుతాను. రెడ్‌టెయిల్‌లో తోక ఇటుక రంగుకు తిరిగితే అది పెద్ద పక్షి, వచ్చే వసంతంలో గూడు కట్టాల్సింది. దాని జోలికి పోవద్దు. తొలి ఏడాది పక్షికి తోక గోధుమరంగులో ఉండి అడ్డచారలు కనిపిస్తాయి, కళ్లు లేత పసుపు. అడవిలో ఇలాంటి కుర్ర పక్షుల్లో సగానికి పైగా ఏడాది తిరక్కుండానే చనిపోతాయి, అందుకే చట్టం వీటిని పట్టనిస్తుంది.

బోను విషయానికొస్తే ఎక్కువమంది వాడేది బాల్‌చత్రి. ఇది మన దేశంలో డేగలు పట్టేవాళ్ల దగ్గర పుట్టింది, 1950ల చివర్లో అమెరికా పరిశోధకులు దీని గురించి రాశాక అక్కడ బాగా వాడకంలోకి వచ్చింది. తీగ బోనులో ఎలుక, పైన గాలం దారంతో కట్టిన ఉచ్చులు. బయల్దేరే ముందు ప్రతి ఉచ్చునూ వేలితో లాగి చూడండి, మెలిపడినది తీసేసి కొత్తది కట్టండి. బోను పక్షి ఎత్తుకుపోలేనంత బరువుండాలి. అలాగని నేలకు బిగించకండి. పక్షి గుంజుకున్నప్పుడు అది కొంచెం జరగాలి, లేకపోతే కాలు దెబ్బతింటుంది. ముళ్లతీగ కంచె పక్కన, వాహనాలు రయ్యిమనే రోడ్డు పక్కన పెట్టవద్దు. పెట్టాక ఒక్క నిమిషం కూడా కన్ను తిప్పవద్దు, కాఫీకి వెళ్లొచ్చేలోపు ఇంకో డేగో, కుక్కో చిక్కిన పక్షి మీద పడొచ్చు.

చిక్కిన డేగ వెల్లకిలా పడి కాళ్లు పైకి చాస్తుంది. ముక్కు గురించి భయపడకండి, ప్రమాదం గోళ్లతోనే. ఒక చేత్తో పాత జాకెట్ అందించండి, అది దాన్ని పట్టుకోగానే రెండో చేత్తో వెనకనుంచి రెండు కాళ్లూ కలిపి పట్టండి. గోళ్లు మీ చేతిలో దిగితే లాక్కోకండి, లాగినకొద్దీ బిగుస్తుంది. కదలకుండా ఉండండి, తోడొచ్చినవాళ్లు వెనకవేలు ముందు విప్పుతారు. అందుకే ఒంటరిగా వెళ్లవద్దంటాను. తలకు హుడ్ (కళ్లు మూసే టోపీ) తొడిగి, రెక్కలు ఒంటికి ఆన్చి మేజోడులోకి దించాక పక్షి నిమ్మళిస్తుంది. కారులో ఏసీ వేయండి, నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కిందని అర్థం. నోట్లో తెల్లటి, పసుపు పొక్కులున్నాయా, అరికాళ్లు వాచాయా చూడండి. వెంటనే తూకం వేసి రాసుకోండి.

ఇక తూకం సంగతి. డేగ ఆకలి మీద పనిచేస్తుంది, కానీ ఆకలికీ పస్తుకీ మధ్య తేడా కొన్ని గ్రాములే. దాదాపు కిలో ఉండే రెడ్‌టెయిల్ ఒకరోజు మన పొరపాటును తట్టుకుంటుంది. నూరు గ్రాముల పైచిలుకు ఉండే కెస్ట్రెల్‌కు అయిదు గ్రాములు తగ్గినా ప్రాణం మీదికి రావచ్చు. రోజూ ఒకే వేళకు తూయండి, తూకంతో పాటు రొమ్ము ఎముకను వేళ్లతో తడిమి చూడండి. ఎముక పదునుగా తగిలితే శిక్షణ ఆపండి. చలిరాత్రుల్లో తిండి పెంచండి. పగలు ఈకలు ఉబ్బించి, కళ్లు సగం మూసి కూర్చుంటే, రెట్ట పచ్చగా పడితే టెన్షన్ పడాల్సిందే, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. అలా నీరసించిన పక్షికి ఎముకలూ బొచ్చూ ఉన్న తిండి కుక్కవద్దు, అరగదు. నీళ్లలో తడిపిన మెత్తటి మాంసం కొంచెం కొంచెంగా పెట్టండి. మామూలు రోజుల్లోనూ పొద్దున బొచ్చు ఉండ (తిన్నదాంట్లో అరగని బొచ్చు) కక్కకముందు మళ్లీ మేత వేయకండి. తాజా పావురం మాంసంతో నోటిజబ్బు అంటుకుంటుంది, తుపాకీతో కొట్టిన వేటలో సీసం ఉంటుంది. రెండూ వద్దు.

శిక్షణలో పక్షికి కట్టి ఉంచే పొడవాటి తాడు విప్పే రోజు స్పాన్సర్ పక్కన ఉండాలి. దూరం నుంచి పిలవగానే రోజూ తడుముకోకుండా చేతి మీదికి వస్తుంటేనే విప్పండి. కాలికుండే చీలిక పట్టీలు తీసి, చీలిక లేనివి వేయండి. చీలిక కొమ్మకు తగులుకుంటే పక్షి తలకిందులుగా వేలాడి చచ్చిపోతుంది. పక్షి ఎక్కడుందో చెప్పే ట్రాన్స్‌మిటర్ బ్యాటరీ ఆ పొద్దున్నే మార్చండి. కరెంటు స్తంభాలున్నచోట వదలకండి. పొద్దు వాలేలోపు చేతికి రప్పించండి, చీకటి పడితే పెద్ద గుడ్లగూబలు డేగల్ని కూడా చంపుతాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, పక్షుల డాక్టర్ ఒక ఎత్తు. కుక్కలకూ పిల్లులకూ చూసేవాళ్లందరూ డేగను ముట్టరు. మీ ఊరికి దగ్గర్లో ఎవరు చూస్తారో, ఆదివారం ఫోన్ ఎత్తుతారో లేదో ఇప్పుడే కనుక్కోండి. అలాంటివాళ్లు దొరికేదాకా బోను గ్యారేజీలోనే ఉంచండి.