సరళీ స్వరాలు తెలిసిన చేతికి సర్ఫ్ గిటార్: చరిత్ర, సాధన

చెన్నైలో పెరిగిన తెలుగువారిలో చిన్నప్పుడు రెండు మూడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుని, కాలేజీ రోజుల్లో ఎలక్ట్రిక్ గిటార్ వైపు మళ్లినవారు చాలామందే ఉంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసం. 1960ల తొలినాళ్లలో దక్షిణ కాలిఫోర్నియా తీరంలో రూపుదిద్దుకున్న సర్ఫ్ వాద్య సంగీతంలో సాహిత్యం ఉండదు. పాడవలసినదంతా గిటారే పాడుతుంది. ఆ శైలికి ఎడమచేతి వైపు కావలసిన స్వరజ్ఞానం సరళీ స్వరాలు దాటినవారికి చాలావరకు ముందే ఉంటుంది. వారు కొత్తగా అలవరచుకోవలసినవి తెరిపి లేకుండా మీటే కుడిచేయి, స్ప్రింగుల్లోంచి పలికే రివర్బ్ అనే ప్రతిధ్వని.

ముందుగా కొంత చరిత్ర తెలియాలి, ఎందుకంటే ఈ సంగీతంలోని ప్రతి పద్ధతి వెనుకా ఒక అవసరం ఉంది. 1958లో డ్వేన్ ఎడ్డీ, లింక్ రే, 1960లో టకోమా నగరానికి చెందిన వెంచర్స్ బృందం గాయకుడు లేకుండానే గిటార్ రికార్డులు అమ్ముడవుతాయని నిరూపించారు. 1961 వేసవిలో బాల్బోవాలోని రాన్‌డెవూ బాల్‌రూమ్‌లో డిక్ డేల్ కచేరీలకు సర్ఫింగ్ చేసే (పలక మీద నిలబడి అలలపై జారే) కుర్రకారు వేలల్లో తరలిరావడంతో ఈ వాద్యానికి ఒక ఊరూ పేరూ ఏర్పడ్డాయి. డేల్ తండ్రి లెబనాన్ మూలాలు ఉన్నవాడు. అరబ్బు సంగీతం, దర్బూకా అనే చేతి డోలు వాయింపు డేల్‌కు ఇంట్లోనే అలవడ్డాయి. అతనిది ఎడమచేతివాటం, కుడిచేతివారి క్రమంలో బిగించిన తీగలను తలకిందులుగా పట్టుకునే వాయించేవాడు. అంతటి జనానికి వినిపించేలా బలంగా వాయించే అతని ధాటికి యాంప్లిఫయర్లూ స్పీకర్లూ కాలిపోతుండటంతో, ఫులర్టన్‌లో గిటార్ కర్మాగారం నడుపుతున్న లియో ఫెండర్ 15 అంగుళాల జేబీఎల్ స్పీకరుతో షోమ్యాన్ అనే యాంప్‌ను రూపొందించవలసి వచ్చింది.

1962లో డేల్ రికార్డు చేసిన 'మిసిర్లూ' అతని సొంత బాణీ కాదు. 1920ల నాటికే తూర్పు మధ్యధరా ప్రాంతంలో వాడుకలో ఉన్నది. 1963లో షాంటేస్ బృందం వాయించిన 'పైప్‌లైన్' అమెరికా పాటల జనాదరణ పట్టికలో 4వ స్థానానికి, సర్ఫారిస్ బృందపు 'వైపౌట్' 2వ స్థానానికి చేరాయి. బీచ్ బాయ్స్ పాటలు గాత్రానికి ప్రాధాన్యం ఉన్న వేరే శాఖ కనుక ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికాలో అడుగుపెట్టాక ఈ వాద్య బృందాలకు గిరాకీ పడిపోయింది; జపాన్‌లో మాత్రం వెంచర్స్ పర్యటనల పుణ్యమా అని ఎలక్ట్రిక్ గిటార్ మోజు 1965 ప్రాంతంలోనే ఊపందుకుంది. 1994లో 'పల్ప్ ఫిక్షన్' చిత్రం మొదట్లో 'మిసిర్లూ' వినిపించడంతో కొత్త తరం మళ్లీ ఇటు చూసింది. సముద్రమే లేని కొలరాడో రాష్ట్రం నుంచి ఆస్ట్రోనాట్స్ అనే బృందం అప్పట్లో ఈ సంగీతంలో పేరు తెచ్చుకుంది. ఆ లెక్కన ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద కోవళం దాకా వెళ్లి సర్ఫింగ్ కళ్లారా చూడగలిగే చెన్నైవాసికి అర్హత తక్కువేమీ కాదు.

వాద్యం విషయానికి వస్తే, సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేవి), శ్రుతిని ఊపే ట్రెమలో కడ్డీ ఉన్న గిటార్ ఏదైనా సరిపోతుంది. స్ట్రాటోకాస్టర్, జాజ్‌మాస్టర్, జాగ్వార్ ఈ సంగీతంలో ఎక్కువగా వినిపించినవి. వాటి చవక నమూనాలతో మొదలుపెట్టడం నామోషీ కాదు. అంతకంటే ముఖ్యమైనది తీగల మందం. సన్నని తీగలు గట్టిగా మీటినప్పుడు అల్లల్లాడి శ్రుతి పైకి పోతాయి కనుక 11తో గాని 12తో గాని (అంగుళంలో వెయ్యో వంతుల్లో అన్నిటికంటే సన్నని తీగ మందం) మొదలయ్యే సెట్టు వేసుకోవాలి. తీగ చుట్టు నున్నగా ఉండే ఫ్లాట్‌వూండ్ రకమైతే నాదం మరింత గుండ్రంగా వస్తుంది. మందం పెరిగితే మెడ మీదా ట్రెమలో స్ప్రింగుల మీదా లాగుడు పెరుగుతుంది, అందువల్ల తీగలు మార్చిన రోజే గిటార్‌ను తెలిసినవారి చేత సరిచేయించుకోవడం మంచిది. చెన్నై ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవాలి.

సర్ఫ్ గిటార్‌కు దాని తడి నాదాన్ని ఇచ్చేది స్ప్రింగ్ రివర్బ్. గిటార్ సంకేతం ఒక రేకుపెట్టెలో బిగించిన స్ప్రింగుల గుండా ప్రయాణించి, వాటి కంపనంతో కలిసి తిరిగి వస్తుంది. ఫెండర్ సంస్థ 1961లో దీన్ని విడి పెట్టెగా తెచ్చింది. స్ప్రింగులకు ఎంత బలంగా సంకేతం పంపాలో చెప్పే డ్వెల్, ఎంత కలపాలో చెప్పే మిక్సర్, టోన్ అనే మూడు మీటలు దానికి ఉంటాయి. ఈ పెట్టె యాంప్‌కు ముందు కూర్చుంటుంది, అందువల్ల రివర్బ్‌తో తడిసిన నాదమే యాంప్ మొదటి దశలోకి వెళుతుంది. యాంప్‌లోనే అమర్చిన రివర్బ్‌కూ దీనికీ తేడా వచ్చేది అక్కడే. మీరు ఈ పెట్టెకు బదులు కాలితో నొక్కే రివర్బ్ పెడల్ కొన్నా ఇదే వరుస పాటించాలి. డ్వెల్‌ను సగానికి కొంచెం పైన, మిక్సర్‌ను సగం దగ్గర ఉంచి మొదలుపెట్టండి. యాంప్‌లో నాదాన్ని గరగరలాడించే డిస్టార్షన్ అసలు వద్దు. అమెరికా నుంచి బంధువుల చేత పాత పెట్టె తెప్పించుకునేవారు అది 120 వోల్టులకు తయారైందని మరచిపోకూడదు. మన 230 వోల్టుల ప్లగ్గులో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా పెడితే అక్కడితో దాని కథ ముగుస్తుంది.

ఇక సాధన. 'మిసిర్లూ' స్వరక్రమాన్ని పాశ్చాత్యులు డబుల్ హార్మోనిక్ అంటారు. అందులోని స్వరాలు షడ్జమం, శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. అంటే మనకు మొదటి పాఠంలో చెప్పే 15వ మేళకర్త మాయామాళవగౌళ. గిటార్‌లో అన్నిటికంటే లావైన ఇ (E) తీగను షడ్జమం అనుకుంటే, తీగను తెరిచి మీటితే స, 1వ మెట్టు మీద రి, 4 మీద గ, 5 మీద మ, 7 మీద ప, 8 మీద ద, 11 మీద ని, 12 మీద పై స దొరుకుతాయి. స్థాయికి పన్నెండు మెట్లుండే వీణ మీద ఒక తీగ వెంట నడిచినవారికి ఈ దారి కొత్త కాదు.

మొదట ఈ ఒక్క తీగ మీదే జంట స్వరాలు వాయించండి: ససరిరిగగమమ, పపదదనినిసస. పిక్‌ను ఒకటి కిందికి, ఒకటి పైకి తప్పకుండా మార్చుతూ మీటాలి. మన పద్ధతిలో జంటలో రెండో స్వరానికి ఊనిక ఇస్తాము. ఇక్కడ దాన్ని పూర్తిగా వదిలేసి రెండు మీటులూ ఒకే బలంతో పడేలా చూసుకోవాలి. అలాగే రిషభ ధైవతాల మీద అలవాటుగా వచ్చే కంపితాన్ని కూడా అణచాలి. నా దృష్టిలో కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఈ శైలిలో అసలైన కష్టం ఇదే, ఎందుకంటే స్వరం నిటారుగా నిలబడితేనే రివర్బ్ దాని చుట్టూ వ్యాపించగలదు. గమకమూ రివర్బ్ కలిస్తే నాదం బురద అవుతుంది.

జంటలు కుదిరాక ప్రతి స్వరానికీ నాలుగేసి మీటులు వేయండి. మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బల దగ్గర పెట్టి, దెబ్బకు నాలుగు మీటులతో మొదలైతే క్షణానికి నాలుగు మీటులు పడతాయి. వేగం 170కి చేరితే అదే లెక్క క్షణానికి పదకొండు దాటుతుంది. ఆ వేగానికి తొందరపడి పోవద్దు. దెబ్బల సంఖ్యను నాలుగైదు చొప్పున పెంచుతూ, మీటు ఎగుడుదిగుడు అయిన చోట ఆగి, మళ్లీ కిందికి దిగి రావాలి. కదలిక మోచేతి నుంచి కాక మణికట్టు నుంచి రావాలి, పిక్ కొన మాత్రమే తీగను దాటాలి. భుజం బిగుసుకుంటే ఆ రోజుకు చాలించాలి.

తరువాత అరచేతి అంచును బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) దగ్గర తీగల మీద తేలికగా ఆనించి మీటడం నేర్చుకోవాలి. అణగిన ఆ పొట్టి మీటు స్ప్రింగులను తాకినప్పుడు నీటిబొట్టు రాలినట్టు ఒక చప్పుడు వస్తుంది. వాద్యకారులు డ్రిప్ అని చెప్పుకునేది దాన్నే. చేయి బ్రిడ్జికి మరీ దూరం జరిగితే స్వరం చచ్చిపోతుంది, మరీ దగ్గరైతే చప్పుడు రాదు. సరైన చోటును ఎవరి గిటార్ మీద వారే వెతుక్కోవాలి.

'పైప్‌లైన్' మొదట్లో వినిపించే దిగుడు మన జారు గమకానికి దగ్గరి చుట్టం. ఎడమచేతి వేలిని లావు తీగ పై మెట్ల మీద ఉంచి, కుడిచేయి ఆపకుండా మీటుతుండగా, ఒకే ఒత్తిడితో కిందికి జార్చాలి. ట్రెమలో కడ్డీని మాత్రం పొదుపుగా వాడాలి: వాక్యం చివర నిలిచిన స్వరం మీద, లేదా ఆఖరి తీగల గుచ్ఛం (కార్డ్) మీద, కొద్దిగా నొక్కి వదిలితే చాలు.

తీగల గుచ్ఛాలలో ముందు పట్టుకోవలసినది ఎ మైనర్, జి, ఎఫ్, ఇ అనే అవరోహణ. 'వాక్ డోంట్ రన్'లో వెంచర్స్ వాయించినది అదే. ఆ నాలుగింటి మీద కీరవాణి స్వరాలతో మనోధర్మం సాగించవచ్చు. జి మేజర్ వచ్చినప్పుడు మాత్రం కాకలి నిషాదం పొసగదు, అక్కడ కైశికికి దిగాలి.

చివరిగా డ్రమ్స్ గురించి. నాలుగు దెబ్బల ఆవర్తంలో మొదటిదానిపై కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), రెండోదానిపై వెంటవెంటనే రెండు స్నేర్ (పుల్లలతో కొట్టే చిన్న డ్రమ్) దెబ్బలు, మూడోదానిపై కిక్, నాలుగోదానిపై ఒకే స్నేర్ దెబ్బ పడటం ఈ సంగీతపు మామూలు నడక. డ్రమ్మర్ దొరకకపోతే ఈ నడకను ఫోన్‌లోని డ్రమ్ యాప్‌లో పెట్టుకుని సాధన చేయవచ్చు. మెట్రోనోమ్ టిక్కులతో వాయించిన చేయి కచేరీలో ఆ జంట స్నేర్ దెబ్బ దగ్గర తడబడుతుంది కనుక, వేగం 120 దాటగానే మెట్రోనోమ్ కట్టేసి దీనికి మారండి.