అష్టాచెమ్మ నేర్చుకుందాం – 3: రెండిళ్ళ దూరం

గడులు గీయడం, కాయలు దించడం కిందటి రెండు పాఠాల్లో అయిపోయాయి. ఈసారి అసలు పని: కాయను ఎక్కడ ఆపాలి?

వైకుంఠపాళిలో బుర్రకు పనిలేదు, పడ్డ పందెమే నడిపిస్తుంది. పులిజూదంలో పందెమే లేదు, మూడు పులులూ పదిహేను మేకలూ కళ్ళెదుటే ఉంటాయి. అష్టాచెమ్మలో గవ్వ మన మాట వినదు గానీ, పడ్డ పందేనికి ఏ కాయ జరపాలో మనిష్టం. ఆట పట్టు అక్కడే దొరుకుతుంది.

నాలుగు గవ్వలు 16 రకాలుగా పడొచ్చు. వెల్లకిలా పడ్డ గవ్వలెన్నో పందెం అంత. అందులో ఒకటి పడే దారులు 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ (నాలుగు), నాలుగూ బోర్లా పడితే అష్ట (ఎనిమిది). వీటికి చెరో దారే. అంటే ఎక్కువసార్లు పడేది రెండే. శత్రువు కాయకు సరిగ్గా రెండిళ్ళ ముందు మీ కాయ ఆగిందంటే, ఒక్క విసురులో చచ్చే అవకాశం 16లో 6. ఒకటి లేదా మూడిళ్ళ ముందుంటే 16లో 4. నాలుగిళ్ళయితే ఒకటే.

అయిదిళ్ళ ముందుంటే? చెమ్మ పడాలి, దానికి దక్కే అదనపు విసురులో ఒకటి పడాలి: 64లో 1. హాయిగా నిద్రపోవచ్చు! కాబట్టి రెండిళ్ళ ముందు చిక్కుకున్న కాయ ఉన్నప్పుడు మీకు మూడు పడితే, పండబోయే కాయ మీద మోజు పెట్టుకోకండి. చిక్కిన కాయనే జరపండి. మూడిళ్ళ లోపల ఇంటూ గీసిన గడి ఉంటే, దాంట్లోకి చేర్చే పందెం పడితే ఇంకా మంచిది, అక్కడ చంపడం కుదరదు.

ఇదంతా గవ్వలు సరిగ్గా ఉన్నాయనుకుంటేనే. బేగంబజార్‌లో కొన్న గవ్వలన్నీ ఒకే తీరుగా ఉండవు. వీపు బాగా ఉబ్బినది ఒకలా, అరిగి చదునైనది ఇంకోలా పడుతుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సుద్దముక్కతో గడులు గీసేముందు మీ గవ్వల్ని వందసార్లు విసిరి, ఒక్కో పందెం ఎన్నిసార్లు పడిందో రాసుకోండి. విసుగే, కానీ లెక్కకు అదే పునాది.

గూఢచారి సినిమాల్లో ఈ పని ఎవరూ చెయ్యరు. హీరోకి కావలసిన పేకముక్క ఆఖర్లో వచ్చి తీరుతుంది, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ ఈలలతో మోగుతుంది. అక్కడ అదృష్టం రచయిత జేబులో ఉంటుంది. నాకు నచ్చే మినహాయింపు ఒకటుంది: 1983 నాటి జేమ్స్ బాండ్ సినిమా ‘ఆక్టోపసీ’. ఉదయ్‌పూర్‌లో విలన్ కమల్ ఖాన్ బ్యాక్‌గామన్ (రెండు పాచికలతో కాయలు జరిపే ఆట) ఆడుతూ, కావాలన్నప్పుడల్లా జంట ఆర్లు వేస్తుంటాడు. మంచి పాచికలకు అది 36లో ఒక్కసారి పడేది, అతనివి మోసపు పాచికలు. బాండ్ అదృష్టాన్ని నమ్ముకోడు, ఎదుటివాడి పాచికలే తీసుకుని వేస్తాడు. తర్వాత ఖాన్ అనుచరుడు గోబిందా పాత్రలో కబీర్ బేడీ వాటిని పిడికిట్లో పిండి చేసేస్తాడు. కోపం కంటే గొప్ప సాక్ష్యం ఏముంటుంది!

ఇక అభ్యాసం. ఒకే మనిషి కాయలు రెండు మీ వెనక ఉన్నాయి: ఒకటి రెండిళ్ళ దూరంలో, ఇంకోటి మూడిళ్ళ దూరంలో. ఒక పందెంలో రెండూ మూడూ కలిసి పడవు కాబట్టి కూడేయండి: 16లో 10. అదే ఆ కాయలు ఇద్దరు వేరువేరు ఆటగాళ్ళవైతే, ఇద్దరూ మీకంటే ముందే చెరోసారి వేస్తారు. అప్పుడూ 16లో 10 అవుతుందా, తగ్గుతుందా? ముందు మీ కాయ బతికే దారులు లెక్కపెట్టండి. జవాబు నాలుగో పాఠంలో.