పాకలో ఏళ్ళ తరబడి పడున్న పాత బుల్లెట్‌ని తక్కువ ఖర్చుతో లేపడం

ఇక్కడ చెప్పేదంతా గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండే పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 గురించి. 346 సీసీ, 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు, పోత ఇనుము సిలిండరు, పాయింట్లతో (స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే చిన్న లోహపు కొసలు) నడిచే ఇగ్నిషన్. 1955లో మద్రాసులో మొదలైన ఈ బండి ఇంజన్ దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు. అందుకే సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో తిరిగితే నేటికీ దీని సామాను దొరుకుతుంది.

పాత బండి ఇంటికి రాగానే చాలామంది ఇంజన్ దింపి, బోరింగు (సిలిండరు లోపల కోరి సాపు చేయడం) చేయించి, కొత్త పిస్టన్ వేసి, పెయింటుకి పంపుతారు. డబ్బంతా అక్కడే అయిపోతుంది. నిజానికి ఊరికే నిలబడితే పాడయ్యేవి పెట్రోలు, రబ్బరు, పాయింట్లు, బ్యాటరీ, కేబుళ్ళు. నూనెలో ఉన్న ఇనుముకి అంత తొందరగా ఏమీ కాదు. కాబట్టి ఇంజన్ విప్పకుండా ముందు దాని చప్పుడు వినాలి. లోపలి పని కావాలో వద్దో ఆ చప్పుడే చెబుతుంది.

స్పానర్ పట్టుకునే ముందు కాగితాలు చూడండి. ఆర్‌సీలో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. పదిహేనేళ్ళు దాటిన బండికి ఫారం 25తో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఆపైన ప్రతి ఐదేళ్ళకీ మళ్ళీ చేయించాలి. గడువు దాటితే ఆలస్య రుసుము పెరుగుతూ పోతుంది. పాత చలాన్లు, తీరని ఫైనాన్సు ఉన్నాయేమో కూడా కనుక్కోండి. నంబర్లు కలవని బండి ఎంత చవకగా వచ్చినా వద్దు.

ఇంజన్ తిరుగుతోందా

సెంటర్ స్టాండు వేసి, స్పార్కు ప్లగ్గు తీసి, టాప్ గేరులో వెనక చక్రాన్ని చేత్తో ముందుకి తిప్పండి. తిరిగితే సగం గెలిచినట్టే. పట్టేసి ఉంటే కిక్కు మీద ఎక్కి తొక్కొద్దు, కిక్ పళ్ళు పోతాయి. ప్లగ్గు రంధ్రంలోంచి 50 మి.లీ. దాకా డీజిలు, ఇంజనాయిలు సగం సగం కలిపి పోసి రెండు మూడు రోజులు వదిలేయండి. రోజుకి రెండుసార్లు టాప్ గేరులో చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపుతూ ఉంటే పైపైన తుప్పు పట్టిన రింగులు చాలావరకు వదులుతాయి. వారమైనా కదలకపోతే అప్పుడు సిలిండర్ ఎత్తాల్సిందే.

తర్వాత నూనె. ఈ బండిని లేపేటప్పుడు ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. బుల్లెట్‌లో ఆయిల్ ట్యాంకు ఇంజన్ పోతలోనే ఒక అర. బండి నెలల తరబడి నిలబడితే ఆ నూనె ఆయిల్ పంపు సందుల్లోంచి మెల్లగా జారి, ఇంజన్ అడుగున ఉండే క్రాంక్‌కేసులోకి చేరుతుంది. డిప్‌స్టిక్ పెట్టి చూస్తే ఆయిలు లేనట్టు కనిపిస్తుంది. మనం పైనుంచి మళ్ళీ పోస్తాం. స్టార్టు చేయగానే ఊరంతా పొగ, బ్రీదర్ పైపులోంచి నూనె ధార. అందుకని ఆయిల్ ట్యాంకు డ్రెయిన్ ప్లగ్గుతో పాటు క్రాంక్‌కేసు డ్రెయిన్ ప్లగ్గు కూడా తీసి పాత నూనెంతా దించేయండి. నూనె కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయని అర్థం. అప్పుడు కాసిని కొత్త నూనె పోసి కడిగి మళ్ళీ దించాలి.

కుడివైపు టైమింగ్ కవరు ముందుభాగంలో ఆయిల్ ఫిల్టరు ఉంటుంది, అదీ మార్చండి. స్ప్రింగు, వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే విప్పండి, వరస తప్పితే నూనె ఫిల్టరు గుండా వెళ్ళదు. కొత్తగా 20 డబ్ల్యూ 50 ఇంజనాయిలు 2.25 లీటర్లు పడుతుంది. ఎడమవైపు క్లచ్చు, ప్రైమరీ చైను ఉండే కేసుకి వేరే నూనె, 420 మి.లీ. చాలు. ఎక్కువ పోస్తే క్లచ్చు జారుతుంది.

ట్యాంకు, కార్బొరేటరు

పాత పెట్రోలు వార్నిష్ వాసన కొడుతుంటే ఒక్క చుక్క కూడా వాడొద్దు. ట్యాంకులో తుప్పుంటే బాత్‌రూమ్ యాసిడ్ పోయమని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, వినకండి. అది తుప్పుతో పాటు రేకునీ తింటుంది, సందులున్న చోట బెజ్జాలు పడతాయి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు మంచిది. పది లీటర్ల వేడినీళ్ళకి 700 గ్రాములు కలిపి, పెట్రోలు కాక్ తీసేసి ఆ రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టి, ట్యాంకు నిండా పోసి ఒక రాత్రంతా ఉంచండి. నీళ్ళు చాలకపోతే అదే పాళ్ళలో ఇంకొంచెం కలుపుకోండి. తుప్పు దళసరిగా ఉంటే ముందే గుప్పెడు నట్లు వేసి ట్యాంకును కుదపాలి, తర్వాత ఒక్క నట్టు మిగలకుండా లెక్కపెట్టి తీయాలి. తెల్లారాక వంటసోడా కలిపిన నీళ్ళతో, ఆపైన మంచినీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. ఆరిన వెంటనే అర లీటరు పెట్రోల్లో రెండు చెంచాల ఇంజనాయిలు కలిపి లోపలంతా తడిసేలా తిప్పాలి. ఈ ఒక్క పని మర్చిపోతే గంటల్లోనే ఎర్ర తుప్పు మళ్ళీ లేస్తుంది.

పెట్రోలు గొట్టం కొత్తది వేయండి. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ముక్కలుగా రాలి జెట్లలో ఇరుక్కుంటుంది. దానికి ఒప్పుతుందని రాసున్న గొట్టమే అడిగి కొనండి.

మిక్‌కార్బ్ వీఎం 24 కార్బొరేటరు విప్పడం తేలికే. కింద గిన్నె తీసి, మెయిన్ జెట్టు, పైలట్ జెట్టు ఊడదీసి కార్బ్ క్లీనరుతో కడగండి. పైలట్ జెట్టు రంధ్రం వెంట్రుకంత సన్నం, ముందు మూసుకుపోయేది అదే. దాంట్లో గుండుసూది గుచ్చితే రంధ్రం పెద్దదై కొలత పోతుంది. కరెంటు వైరులోంచి తీసిన ఒక్క రాగి పోగు సరిపోతుంది. ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోలు కదిలిన చప్పుడొస్తే అది చిల్లు పడినట్టే. థ్రాటిల్ స్లైడులో ఉండే సూది క్లిప్పు ఏ గాడిలో ఉందో రాసుకోండి. బిగించాక ఎయిర్ స్క్రూని పూర్తిగా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పితే స్టార్టవడానికి చాలు.

ఎయిర్ ఫిల్టరు డబ్బాలో ఎలుక గూడు, సైలెన్సరు కొసలో కందిరీగ మట్టి గూడు ఉంటాయి. పాకలో పడున్న బండికి ఇవి మామూలే. సైలెన్సరు మూసుకుపోయి స్టార్టు కాని బండికి ఇంజన్ విప్పించిన వాళ్ళున్నారు.

కరెంటు

పాత బుల్లెట్ స్టార్టు కాకపోతే ఎక్కువగా తప్పు ఇక్కడే ఉంటుంది, అన్నిటికన్నా తక్కువ డబ్బుతో తీరేదీ ఇదే. ముందు బల్బు మీద చూసి బండి 6 వోల్టులదో 12 వోల్టులదో తేల్చుకోండి. కొత్త బ్యాటరీ ఇప్పుడే కొనొద్దు. అదే వోల్టేజి ఉన్న ఏ బ్యాటరీ అయినా రెండు వైర్లతో తగిలించి పరీక్షిస్తే చాలు. ఇంజన్ పలికాక కొనుక్కోవచ్చు.

సిలిండరు వెనక, టైమింగ్ కేసు మీద నిలబడ్డ డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే పాయింట్లు కనిపిస్తాయి. తుప్పో మసో పట్టి ఉంటే 400 నంబరు ఎమెరీ ముక్కతో మెల్లగా రుద్ది, శుభ్రమైన తెల్ల కాగితం మధ్యలో పెట్టి లాగండి. కాగితానికి నలుపు అంటకుండా రావాలి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.40 మి.మీ. మధ్య ఉండాలి, ఫీలర్ గేజితో చూడాలి. పాయింట్లకి జతగా ఉండే కండెన్సరు ఎలా ఉన్నా కొత్తది వేసేయండి. అది పోతే పాయింట్ల దగ్గర నీలి నిప్పురవ్వలు ఎగిరి అవి కాలిపోతాయి, ప్లగ్గులో మాత్రం బలం లేని పసుపు రవ్వ వస్తుంది. బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్టయి, వేడెక్కాక ఆగిపోతోందంటే మొదటి అనుమానం కండెన్సరు మీదే పెట్టాలి.

పాయింట్ల ప్లేటు కింద వేగం పెరిగేకొద్దీ స్పార్కుని ముందుకి జరిపే ఆటో అడ్వాన్సు బరువులు ఉంటాయి, వాటిని తప్పకుండా చూడాలి. ఏళ్ళ తరబడి నిలబడితే తుప్పు పట్టి తెరుచుకునే ఉండిపోతాయి. అప్పుడు స్పార్కు ముందే పడి కిక్కు ఎదురు తంతుంది, చీలమండ విరగ్గొట్టేంత బలంగా. పైన ఉన్న క్యామ్‌ని వేళ్ళతో తిప్పి వదిలితే స్ప్రింగు లాగి వెనక్కి రావాలి. రాకపోతే కడిగి, సన్న నూనె చుక్క వేయండి.

టైమింగు (స్పార్కు పడే వేళ) కొలత 0.8 మి.మీ. కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైకొసకి ఇంకా 0.8 మి.మీ. ఉండగా పాయింట్లు తెరుచుకోవడం మొదలవ్వాలి. పాయింట్ల సందు మారితే టైమింగూ మారుతుంది, కాబట్టి ముందు సందు, తర్వాతే టైమింగు. పాయింట్లు ఎప్పుడు తెరుచుకున్నాయో తెలుసుకోవడానికి వేరే పరికరం అక్కర్లేదు, కరెంటు చూపే అమ్మీటరే చెబుతుంది. తాళం ఆన్ చేసి చక్రం మెల్లగా తిప్పితే, పాయింట్లు మూసుకుని ఉన్నంతసేపు ముల్లు మైనస్ వైపు వాలుతుంది, తెరుచుకున్న క్షణాన మధ్యకి వస్తుంది. ముల్లు అసలు కదలకపోతే ఫ్యూజు, తాళం వెనక వైర్లు, ఎర్తు వైరు చూడండి. ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటే పాయింట్ల దగ్గర వైరు బాడీకి తగులుతోంది, లేదా కండెన్సరు లోపల షార్టయింది.

ప్లగ్గు గ్యాపు 0.5 నుంచి 0.6 మి.మీ. పెట్టండి. ప్లగ్గుని సిలిండరు హెడ్డుకి ఆనించి, రంధ్రానికి దూరంగా ఉంచి కిక్కు కొడితే చిటచిటమనే నీలి రవ్వ కనిపించాలి.

టాపెట్లు, డీకంప్రెషరు, క్లచ్చు

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, పిస్టన్ కంప్రెషన్ పైకొసలో ఉండగా కుడివైపు టాపెట్ కవరు తీయండి. వాల్వులని తెరిచే రెండు పుష్‌రాడ్లూ వేళ్ళతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు. బిగుసుకుని తిరగకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషను పోతుంది. డీకంప్రెషరు (కిక్కు తేలికవడానికి సిలిండరులోని ఒత్తిడిని వదిలే లివరు) కేబులుకి కూడా ఒకటి రెండు మి.మీ. వదులుండాలి. కంప్రెషను లేదని బోరింగుకి వెళ్ళే ముందు ఈ రెండూ చూసుకోండి.

క్లచ్ ప్లేట్లు అతుక్కుపోయి ఉంటాయి. లివరు పూర్తిగా పట్టి నాలుగైదు కిక్కులు కొడితే విడిపోతాయి.

మొదటి కిక్కు

తాళం ఆన్ చేయకుండా, డీకంప్రెషరు పట్టి 40, 50 సార్లు కిక్కు తిప్పండి, నూనె పైకి ఎక్కాలి. వాల్వులని నొక్కే రాకర్లకి వెళ్ళే సన్న పైపు బోల్టుని హెడ్డు దగ్గర కొంచెం వదులు చేసి ఉంచితే, స్టార్టయిన నిమిషంలోపు అక్కడ నూనె ఊరాలి. ఊరకపోతే వెంటనే ఇంజన్ ఆపేయండి, ఊరితే బోల్టు బిగించండి.

పెట్రోలు తెరిచి, చోక్ వేసి, తాళం తిప్పండి. కంప్రెషను తగిలి కిక్కు ఆగేదాకా నొక్కండి. డీకంప్రెషరు పట్టుకుని, అమ్మీటరు ముల్లు మధ్యకి వచ్చి కొంచెం దాటేంతవరకే కిక్కుని జరపండి. డీకంప్రెషరు వదిలేసి, కిక్కుని పైకి రానిచ్చి, యాక్సిలరేటరు తిప్పకుండా ఒకే ఊపులో కిందిదాకా తొక్కండి. బలం కన్నా ఈ వరసే ముఖ్యం.

మొదట్లో పొగ రావడం సహజం. పది పదిహేను నిమిషాలయ్యాక కూడా నీలం పొగ తగ్గకపోతే రింగులో వాల్వ్ గైడులో అరిగినట్టు. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువవుతోంది, చోక్, ఫ్లోటు చూడండి. ఐడిలింగు ఎగుడుదిగుడుగా ఉంటే కార్బొరేటరుకీ హెడ్డుకీ మధ్య గాలి దూరుతోంది, ప్యాకింగు మార్చాలి. సైలెన్సరు బెండు త్వరగా ఎర్రబడుతుంటే టైమింగు వెనకబడింది. ఆయిల్ లెవెలు ఎప్పుడు చూసినా ఐదు నిమిషాలు నడిపి ఆపిన వెంటనే చూడాలి.

డబ్బు మిగిలితే పెయింటు మీద కాదు, బ్రేకు షూల మీద, 3.25-19 టైర్ల మీద, క్లచ్, బ్రేకు కేబుళ్ళ మీద పెట్టండి. గాడులు లోతుగా ఉన్నా, పక్కన పగుళ్ళున్న టైరు పనికిరాదు. 200 కిలోమీటర్లు తిరిగాక ఇంజనాయిలు మళ్ళీ మార్చండి, ఏళ్ళ నాటి మడ్డి అప్పటికి కరిగి కిందకి దిగుతుంది. వారానికి మించి బండి ఆపాల్సొస్తే పెట్రోలు కాక్ మూసి, కార్బొరేటరులో ఉన్నది కాలిపోయి ఇంజన్ తానే ఆగేదాకా నడవనివ్వండి. పిస్టన్‌ని కంప్రెషన్ పైకొసలో నిలిపితే రెండు వాల్వులూ మూసుకుని సిలిండరులోకి తేమ దూరదు.